గణితం విద్యార్థికి ఏ ఇంగ్లిషు?

బీఎస్సీ మ్యాథ్స్ మొదటి సంవత్సరం ఇంగ్లిషు పుస్తకం తిరగేస్తే ఏముంటుంది? నాలుగు పాఠాలు, ఓ పద్యం, కాస్త గ్రామర్, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలన్న చిట్కాలు. అందులో పాసవడం పెద్ద కష్టమేం కాదు. ఆ పాసైన పిల్లలే రియల్ అనాలిసిస్ (వాస్తవ సంఖ్యల ప్రమేయాలను, అవధులను నిరూపణలతో చదివే గణితం) పుస్తకం తెరిచి రెండో పేజీ దాటలేకపోతున్నారు. అక్కడున్న ఇంగ్లిషు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అది ఇంగ్లిషు వాళ్ల పని అని గణితం అధ్యాపకులు, అది గణితం కదా అని ఇంగ్లిషు అధ్యాపకులు ఊరుకుంటున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మాధ్యమమే అన్నారు. తెలంగాణలో ఆ మరుసటి ఏడు ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం తెచ్చారు. మాధ్యమం మీద పార్టీలు ఇప్పటికే పడాల్సినంత తగవు పడ్డాయి, అందులోకి మేం దిగడం లేదు. జీవో వచ్చాక తరగతి గదిలో ఏం జరుగుతోందన్నదే మా ప్రశ్న. బోర్డు మీద ఇంగ్లిషు, చెప్పేది తెలుగు, పరీక్షలో బట్టీ. గైడులోని నిరూపణను పొల్లు పోకుండా దించేసే విద్యార్థి, అదే సిద్ధాంతాన్ని ‘ఎఫ్’ బదులు ‘హెచ్’ పెట్టి అడిగితే కొత్త లెక్క అనుకుని వదిలేస్తున్నాడు.

గణితమంటే గుర్తులే కదా, భాషతో ఏం పని అనేవాళ్లున్నారు. గుర్తులు ప్రపంచమంతా ఒకటే, నిజమే. చిక్కంతా వాటి మధ్య వచ్చే చిన్న చిన్న మాటలతోనే. ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘సచ్ దట్’, ‘ఫర్ ఎవ్రీ’, ‘దేర్ ఎగ్జిస్ట్స్’. మన వాక్యంలో షరతు ముందొస్తుంది, ఫలితం తర్వాత. ‘అవకలనీయమైతే అవిచ్ఛిన్నం’ అంటాం. అంటే ఒక ప్రమేయానికి ఓ బిందువు దగ్గర అవకలజం (డెరివేటివ్) ఉంటే, అక్కడ దాని గ్రాఫు తెగదు. ఇంగ్లిషు పుస్తకం ‘అవిచ్ఛిన్నం’ అన్న ముక్కను ముందు పెట్టి, ‘ఇఫ్’ను తర్వాత తగిలిస్తుంది. ముందున్నదే షరతు అనుకుని చదివితే సిద్ధాంతం తలకిందులవుతుంది. మాడ్యులస్ ఎక్స్ సున్నా దగ్గర అవిచ్ఛిన్నమే గానీ అక్కడ దానికి అవకలజం లేదు. ఈ ఉదాహరణ అందరికీ కంఠతా వచ్చు. ఏ వాక్యాన్ని ఖండించడానికి ఇచ్చారని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు.

ఎప్సిలాన్, డెల్టాల సంగతి ఇంకా సున్నితం. అవిచ్ఛిన్నత నిర్వచనంలో ప్రమేయం విలువల తేడా ఎంతలోపు ఉండాలో చెప్పేది ఎప్సిలాన్, అందుకు బిందువులు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పేది డెల్టా. మామూలు అవిచ్ఛిన్నతలో ముందు బిందువు ఎంచుకుంటాం, దాన్ని బట్టి డెల్టా మారవచ్చు. యూనిఫామ్ కంటిన్యుటీలో డెల్టా ముందే తేలాలి, అదొక్కటే అన్ని బిందువులకూ సరిపోవాలి. రెండు నిర్వచనాల్లోనూ ఉండే మాటలు దాదాపు అవే, వరసే వేరు. మొత్తం వాస్తవ సంఖ్యల మీద ఎక్స్ స్క్వేర్ మొదటిది పాటిస్తుంది, రెండోది పాటించదు. వరసను గమనిస్తూ చదవడం అలవాటు కాని వాళ్లకు ఈ తేడా కనపడదు. అప్పుడు ‘వీడికి గణితం రాదు’ అన్న ముద్ర పడుతుంది. రానిది గణితమో, ఆ వాక్యమో తేల్చే ఓపిక ఎవరికీ ఉండదు.

దీని ఖరీదు పోటీ పరీక్షల్లో తెలుస్తుంది. ఐఐటీల్లో ఎంఎస్సీకి దారి తీసే జామ్ ప్రశ్నపత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. అందులో ఒకటికి మించి సరైన జవాబులు ఉండగల ప్రశ్నలు పది. అన్నీ పట్టుకుంటేనే మార్కులు, సగం పట్టుకుంటే సున్నా. ‘ఎట్ మోస్ట్’కూ ‘ఎట్ లీస్ట్’కూ తేడా తడుముకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. పరిశోధన ఫెలోషిప్‌కూ, అధ్యాపక అర్హతకూ రాసే సీఎస్ఐఆర్ నెట్ గణితం పేపరు ఇంగ్లిషు, హిందీల్లో వస్తుంది. తెలుగు పిల్లలకు ఆ రెండో దారి కూడా లేదు.

ఈ మాట ఎత్తితే ఎవరో ఒకరు రామానుజన్ పేరు తెస్తారు. కుంభకోణం కాలేజీలో ఇంగ్లిషు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నవాడే కదా అంటారు. పోగొట్టుకున్నాడు, నిజం. అయితే 1913లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరం ఇంగ్లిషులోనే ఉంది. వ్యాసాలు రాయడంలో తప్పిన మనిషికి, తన గణితం చెప్పుకోవడానికి కావలసినంత ఇంగ్లిషు వచ్చు.

ఆ కావలసినంత ఎంతో తేల్చి నేర్పవచ్చు. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలు గణితంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకు చాలాకాలం ఫ్రెంచ్, జర్మన్, రష్యన్ భాషల్లో పరీక్ష పెట్టాయి. మాట్లాడమని కాదు. ఆ భాషలో ఉన్న గణితం పేజీ ఒకటి చేతికిచ్చి, దాని అర్థం రాయమనేవారు. చాలాచోట్ల డిక్షనరీ కూడా చూసుకోనిచ్చేవారు. వాళ్లకు అవసరం ఏమిటో స్పష్టంగా తెలుసు. మనం మాత్రం ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అని పేరు పెట్టి, చరిత్ర విద్యార్థికీ గణితం విద్యార్థికీ ఒకే పుస్తకం పంచుతున్నాం.

మేం అడుగుతున్నది కొత్త ల్యాబులూ, కోట్ల బడ్జెట్టూ కాదు. మొదటి సంవత్సరం ఇంగ్లిషులో గణితం పిల్లలకు ఒక యూనిట్ మార్చండి. అందులో నిర్వచనాలు, సిద్ధాంతాలు, చిన్న నిరూపణలు పాఠ్యంగా పెట్టండి. వాటిని పైకి చదివించండి. చూసి గుర్తుపట్టడమే తప్ప సమీకరణాన్ని నోటితో ఎలా పలకాలో తెలియక ఎంఎస్సీ ఇంటర్వ్యూల్లో టెన్షన్ పడేవాళ్లు ఎందరో. తెలుగులో వివరించడాన్ని దొంగచాటు పనిలా చూడడం మానాలి. 1968లో మొదలైన తెలుగు అకాడమీ డిగ్రీ గణితాన్ని తెలుగులో అచ్చేసింది. ఆ పుస్తకాన్ని ఇంగ్లిషు పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే పోయేదేమీ లేదు. పరీక్షలో ఒక్క ప్రశ్నయినా ముందెప్పుడూ చూడని అరపేజీ గణితం ఇచ్చి, అర్థమైంది సొంత మాటల్లో రాయమనాలి. ఆ జవాబు తెలుగులో రాసినా మార్కులివ్వాలి.

సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఇంగ్లిషుకు ఒకటి, గణితానికి ఒకటి. రెండూ వేర్వేరుగా సమావేశమవుతాయి. వచ్చే సవరణకు ముందు ఒక్క పూటైనా ఈ రెండింటినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టమని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లనూ కోరుతున్నాం.