‘నిర్లక్ష్యం’ అని రాసి ఫైలు మూసేస్తే సరా?

స్లాబ్ మీద ఓ ప్లైవుడ్ చెక్క పడి ఉంటుంది. దాని కింద పైపుల కోసం వదిలిన రంధ్రం ఉందని ప్లంబింగ్ జట్టుకు తెలుసు, కప్పింది వాళ్లే. మర్నాడు సెంట్రింగ్ జట్టులో ఒకతను చెక్క పనికొస్తుందని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ముందుకు నడుస్తాడు. చేతిలోని చెక్కే కంటికి అడ్డం. తర్వాతి అడుగుకు కింద నేల ఉండదు. ఏ దేశంలోనైనా భద్రతాధికారులకు ఇది బాగా తెలిసిన ప్రమాదమే. నివేదికలో కారణం దగ్గర మాత్రం చాలాసార్లు ఒకే మాట కనిపిస్తుంది: కార్మికుడి నిర్లక్ష్యం.

ఆ మాటతోనే నాకు పేచీ. అది రాశాక ఇంకెవరినీ ఏమీ అడగక్కర్లేదు. చెక్కను మేకులతో బిగించి, పైన రంగుతో ‘రంధ్రం’ అని రాసి ఉంటే అతను దాన్ని ఎత్తేవాడే కాదు. నాలుగు మేకులు, కాస్త రంగు. అవి కొట్టాల్సింది ప్లంబింగ్ వాళ్లా, సెంట్రింగ్ వాళ్లా, సైట్ ఇంజనీరా? ఆ మేకులు ఎవరి కొటేషన్‌లోనూ లేవు.

భద్రత అనగానే హెల్మెట్, బెల్ట్ గుర్తొస్తాయి. నిజానికి భద్రతా శాస్త్రం వాటిని చిట్టచివరి మెట్టు మీద పెట్టింది. మొదట ప్రమాదాన్నే లేకుండా చేయాలి. కుదరకపోతే రెయిలింగ్‌తోనో వలతోనో అడ్డుకట్ట వేయాలి. పని పద్ధతి మార్చడం ఆ తర్వాత. ఒంటి మీద తొడిగేవి అన్నిటికన్నా ఆఖరున. సైట్లో ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది, ఎందుకంటే హెల్మెట్ ఫొటోలో కనబడుతుంది.

బెల్ట్ సంగతే చూడండి. బెల్ట్‌ను కొక్కేనికి కలిపే మామూలు తాడు పొడవు సుమారు 1.8 మీటర్లు. పడే ఊపును ఆపడానికి ఆ తాడుకుండే షాక్ అబ్జార్బర్ ఇంకో మీటరు దాకా సాగుతుంది. తాడు కట్టే వీపు మీది రింగు నుంచి పాదాల దాకా మరో ఒకటిన్నర. అంటే కొక్కెం తగిలించిన చోటు నుంచి కిందికి నాలుగు మీటర్ల పైచిలుకు ఖాళీ ఉండాలి. మూడు మీటర్ల ఎత్తున్న స్లాబ్ అంచున, కాళ్ల దగ్గరున్న కడ్డీకి కొక్కెం తగిలిస్తే తాడు ఆపేలోపే మనిషి నేలను తాకుతాడు. అతను నిబంధన పాటించినట్టే లెక్క! కొక్కెం ఎక్కడ తగిలించాలో ముందే లెక్కగట్టి చూపించాల్సిన బాధ్యత అతనిది కాదు కదా.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కడుతున్నప్పుడు కింద వల కట్టించారు. అందులో పడి 19 మంది బతికారు. ఆ వల ఎవరు జాగ్రత్తపరుడు, ఎవరు కాదు అని చూడలేదు. కానీ 1937 ఫిబ్రవరిలో పని వేదికే విరిగి పడి వలను చించుకుపోయినప్పుడు పదిమంది పోయారు. వలకూ ఒక హద్దుంది, వేదిక బిగింపును ఎవరో పరీక్షించాల్సిందే.

అంతకన్నా ఘోరం 1978 ఏప్రిల్‌లో అమెరికాలోని విల్లో ఐలండ్‌లో జరిగింది. అక్కడ విద్యుత్ కేంద్రానికి కూలింగ్ టవర్, అంటే వేడి నీటిని చల్లబరిచే ఎత్తైన కట్టడం, కడుతున్నారు. పరంజా నేల మీద నిలబడింది కాదు, ముందు రోజు పోసిన కాంక్రీటుకే బిగించింది. ఆ కాంక్రీటు ఇంకా గట్టిపడలేదు. పైన కొత్త పోత మొదలవగానే కింద పట్టు వదిలేసింది. పరంజా మీద ఉన్నవాళ్లంతా, 51 మంది, చనిపోయారు. ఇందులో కార్మికుడి అజాగ్రత్త ఎక్కడుంది? బెల్ట్ కట్టుకున్నా అది పరంజాతో పాటే కూలేది. కాంక్రీటు బలం చూడకుండా తర్వాతి పోతకు వెళ్లడమే అసలు తప్పు. షెడ్యూల్ తొందర మనిషి మీద పడేది ఇలాగే.

బ్రిటన్ ఈ విషయంలో కాస్త తెలివిగా ఆలోచించింది. అక్కడ 1994లో వచ్చిన నిబంధనలు భవనం కట్టించుకునే యజమానినీ, డిజైన్ గీసేవాళ్లనూ బాధ్యుల్ని చేశాయి. డాబా అంచున పిట్టగోడ సరైన ఎత్తులో ఉంటే మరమ్మతుకు వచ్చేవాడికి ఏళ్ల తరబడి బెల్ట్ అక్కర్లేదు. అది డిజైన్ గీసే దగ్గరే తేలిపోయే విషయం. 2012 లండన్ ఒలింపిక్స్ నిర్మాణాలు ఒక్క ప్రాణం కూడా పోకుండా పూర్తయ్యాయి. పనులు పెద్దవి కాబట్టి ప్రాణాలు పోవడం తప్పదనే వాదన అక్కడ నిలబడలేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో చేసిన 167వ ఒప్పందం, ముంచుకొచ్చే ప్రమాదం కనిపిస్తే పని వదిలి తప్పుకునే హక్కు కార్మికుడికి ఇచ్చింది. మంచి హక్కే. కానీ దినకూలి మీద బతికేవాడు గుంత గోడ బీటలిచ్చిందని పైకెక్కి కూర్చుంటే మేస్త్రీ మర్నాడు ఇంకొకరిని పిలుస్తాడు. గోడ సరిచేసేదాకా అతని కూలి ఎవరివ్వాలో కాంట్రాక్టులోనే, సిమెంటు లెక్క పక్కనే రాసి ఉండాలి.