చెస్ ఇంజిన్ కోసం గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? కాస్త ఆగండి

చెస్ ఎనాలిసిస్‌కి కంప్యూటర్ కొనాలనుకోగానే చాలామంది మొదట అడిగేది "గ్రాఫిక్స్ కార్డు ఏది తీసుకోమంటారు?" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు, ఆ మాట వాళ్లకు నూరిపోసి అమ్ముకునేవాళ్ల మీద.

నాకూ అలాగే అంటగట్టారు. చెస్ కోసమని స్పష్టంగా చెప్పినా, పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) నడిపి టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ 100 శాతం, గ్రాఫిక్స్ కార్డు 0. ఐదు నిమిషాలకల్లా ఫ్యాన్ హోరెత్తింది, కీబోర్డు పైభాగం మీద వేలు ఆనడం లేదు, సెకనుకు ఇన్ని నోడ్స్ (ఇంజిన్ పరిశీలించే పొజిషన్లు) అని చూపించే అంకె నా కళ్ల ముందే దిగిపోతూ వచ్చింది.

స్టాక్‌ఫిష్ గ్రాఫిక్స్ కార్డును ముట్టుకోదు. 2020లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి అందులో న్యూరల్ నెట్‌వర్క్ ఉన్న మాట నిజమే, ఆ పేరు వినే చాలామంది పొరబడతారు. కానీ షోగీ ఆట కోసం జపాన్‌లో పుట్టిన ఆ పద్ధతిని ప్రాసెసర్ కోసమే తయారుచేశారు. ఒక ఎత్తు వేస్తే బోర్డు మీద మారేది రెండు మూడు గళ్లే కదా, అందుకని మారినంత మేరకే లెక్క సరిచేసుకుంటుంది. ఇంత చిన్న లెక్కను గ్రాఫిక్స్ కార్డుకు పంపి జవాబు తెప్పించుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆ కార్డు నిజంగా కావలసింది లీలా అనే ఇంకో ఇంజిన్‌కు. లీలా వాడేవాళ్లయితే నిక్షేపంగా కొనండి, ఆ డబ్బు వృథా కాదు.

స్టాక్‌ఫిష్‌కైతే కోర్లు చూడండి, అంతకన్నా ముందు వాటిని గంటల తరబడి చల్లగా ఉంచే కూలర్ చూడండి. డబ్బా మీద రాసే బూస్ట్ స్పీడు కాసేపటి ముచ్చటే. అందుకే నా ఓటు డెస్క్‌టాప్‌కి. అలాగని కోర్లు రెట్టింపైతే బలం రెట్టింపవదు. థ్రెడ్లన్నీ (కోర్ల మీద పక్కపక్కన నడిచే వెతుకులాటలు) వెతికేది ఒకే ఎత్తుల చెట్టును, ఒకటి చూసిన కొమ్మనే ఇంకొకటి మళ్లీ చూడటం తప్పదు.

ర్యామ్ 16 జీబీ చాలామందికి సరిపోతుంది, మొత్తం హ్యాష్‌కే (ఇంజిన్ తన లెక్కలు గుర్తుపెట్టుకునే చోటు) ఇచ్చేయకుండా సిస్టమ్‌కి కొంత వదలండి. బోర్డు మీద కొన్ని పావులే మిగిలినప్పుడు ఫలితమేంటో ముందే లెక్కకట్టి పెట్టిన ఫైళ్లే సిజిజీ టేబుల్‌బేస్‌లు. ఆరు పావులవి సుమారు 150 జీబీ, వాటిని ఎస్‌ఎస్‌డీలోనే పెట్టుకోండి. ఏడు పావులవి దాదాపు 17 టీబీ, వాటి జోలికి పోవద్దు.

పైసా ఖర్చు లేకుండా వచ్చే వేగం ఇంకొకటుంది. స్టాక్‌ఫిష్‌ను ప్రాసెసర్ రకాన్ని బట్టి వేర్వేరు ఫైళ్లుగా ఇస్తారు. మీ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేసే సదుపాయం) ఉండి కూడా పాత రకం ఫైలు దించుకున్నారంటే చేతులారా వేగం పోగొట్టుకున్నట్టే. రెండు ఫైళ్లలోనూ వేగం కొలిచే 'బెంచ్' కమాండ్ కొట్టి చూడండి, తేడా మీకే కనబడుతుంది.

కొనే ముందు ఇంజిన్‌ను అన్ని థ్రెడ్ల మీద, ఒకే పొజిషన్‌లో ఇరవై నిమిషాలు నడిపించమనండి. మొదటి నిమిషం నోడ్స్ అంకె, చివరి నిమిషం అంకె రాసుకుని పోల్చుకోండి. అలా చూపించమంటే నసిగే చోట నేనైతే ఇక కొనను.