ఎవరి మూడు గంటలు?

నేను ఆడిస్ అబాబాలోని ఒక పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేరడానికి 2009 సెప్టెంబరులో ఇథియోపియాలో దిగేసరికి అక్కడ కొత్త సంవత్సరం వచ్చి నాలుగు రోజులైంది. ఆ కొత్త సంవత్సరం 2002. విమానం ఎక్కేటప్పుడు నలభై రెండేళ్లవాణ్ణి దిగేటప్పటికి ముప్పై అయిదేళ్లవాణ్ణి అయ్యానన్న సంగతి మా ఆవిడకు ఎంతో ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ నా నడినెత్తి వైపు ఒకసారి చూసి, "ఆ కబురు ఇంకా అక్కడిదాకా చేరినట్టు లేదండీ" అంది.

ఆ దేశపు సంవత్సరానికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు తలా ముప్పై రోజులు, పదమూడోదైన పాగుమేకు మాత్రం అయిదు, నాలుగేళ్లకొకసారి ఆరు. పదమూడో నెలకు జీతం వేరుగా ఇస్తారా అని మా పాఠశాల గుమాస్తాను చాలా మర్యాదగా అడిగాను. ఆయన అంతకంటే మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు.

సంవత్సరంతోనూ నెలలతోనూ పెద్ద చిక్కు లేదు, ఎందుకంటే వాటికోసం ఎవరూ బస్టాండులో నిలబడరు. చిక్కంతా గడియారంతో వచ్చింది. ఇథియోపియా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశం కావడం వల్ల ఏడాది పొడుగునా సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు ఉదయిస్తాడు, ఒకే వేళకు అస్తమిస్తాడు. అంచేత అక్కడివాళ్లు రోజును పొద్దు పొడుపుతో మొదలుపెట్టి లెక్కిస్తారు. మన ఉదయం ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట, మన మిట్టమధ్యాహ్నం వాళ్లకు ఆరు, మన సాయంత్రం ఆరు వాళ్లకు పన్నెండు. చీకటి పడ్డాక మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇందులో వింతేముంది, పొద్దెక్కి రెండు జాములైందని మా అమ్మమ్మ చెప్పేది ఇదే లెక్క కదా అని మా ఆవిడ ఒక్క వాక్యంలో ముగించింది. నేను అలా ముగించలేదు. ఏడో తరగతి పిల్లలకు గడియారపు అంకగణితం బోధించే మాస్టారిని కనుక, ఆరు కలపాలి, మొత్తం పన్నెండు దాటితే పన్నెండు తీసివేయాలి అని సూత్రం రాసి వంటగది తలుపుకు అంటించాను. ఆరు కలిపినా ఆరు తీసివేసినా జవాబు మారని లెక్క ఇది, పొరపాటు చేద్దామన్నా కుదరదు అని కూడా ఆవిడకు హామీ ఇచ్చాను.

ఆ జనవరి నెలాఖరున మాకు పది రోజులు సెలవులొచ్చాయి. ఆడిస్ అబాబా నుంచి బస్సులో బహిర్ దార్‌కు వెళ్లి తానా సరస్సునూ నీలి నైలు జలపాతాన్నీ చూసి, అక్కడి నుంచి గోండార్ చేరి కోటలు చూసి, విమానంలో వెనక్కి రావాలని నేనొక పథకం వేశాను. టికెట్టు అమ్మిన కుర్రవాడు బస్సు రాత్రి పదకొండుకు బయలుదేరుతుందన్నాడు. అంతకు ముందు ఏడాది మా పాఠశాలలోనే పనిచేసే కేరళ మాస్టారొకరు ఇదే మాట నమ్మి, మన రాత్రి పదకొండుకు పెట్టెలతో వెళ్లి, మూసి ఉన్న బస్టాండు గేటు ముందు తెల్లవారుదాకా కూర్చున్నారని విని నేను చాలా నవ్వాను. మేము పదకొండుకు ఆరు కలిపి, పన్నెండు తీసివేసి, తెల్లవారుజామున అయిదుకు వెళ్లాం. బస్సు ఉంది, సీట్లు ఉన్నాయి, అది కదలనూ కదిలింది. ఆ విజయం తలకెక్కకపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

మధ్య దారిలో బస్సు కిలోమీటరుకు పైగా లోతున్న ఒక లోయలోకి మెలికలు తిరుగుతూ దిగింది. అడుగున పారుతున్నది నీలి నైలు నది. దాన్ని వాళ్లు అబ్బాయ్ అంటారు. "నదికి అబ్బాయ్ అని పేరా? మన గంగ, గోదావరి, కృష్ణవేణి అందరూ అమ్మాయిలేగా" అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. బ్రహ్మపుత్ర మాత్రం మగవాడనీ, మగ నదిని నదం అనాలనీ నేను సవరించబోయాను కాని, అప్పటికే పక్కసీటు పెద్దావిడ ఇంజెరా ముక్కలో పప్పు చుట్టి మా ఆవిడ నోట్లో పెట్టేసింది. ఇంజెరా అంటే తెఫ్ అనే సన్నగింజ పిండిని పులియబెట్టి పోసే, పళ్లెమంత వెడల్పు దోసె. అలా ఎదుటివాళ్లకు స్వయంగా తినిపించడాన్ని గుర్షా అంటారు. కాదనడం మర్యాద కాదు. మా పెళ్లిలో బువ్వపు బంతి తరువాత ఆవిడకు ఇంకొకరు ముద్ద పెట్టడం అదే మొదటిసారి అని ఆవిడే తరువాత నాకు గుర్తుచేసింది. ఆ గుర్తుచేయడంలో కొంచెం ఆరోపణ కూడా ఉంది.

బహిర్ దార్ చేరిన సాయంత్రం సరస్సు ఒడ్డున ఒక పడవవాడితో బేరం కుదిరింది. జెగె ద్వీపకల్పంలో ఉన్న ఉరా కిదానె మెహ్రెత్ అనే మఠానికి, గోడల నిండా బొమ్మలున్న ఆ గుండ్రని గుడికి, తీసుకువెళ్లి తీసుకురావాలి. "రేపు ఎనిమిది గంటలకు" అన్నాడు అతడు ఇంగ్లీషులో. నేను వెంటనే ఆరు కలిపాను, పన్నెండు తీసివేశాను, మధ్యాహ్నం రెండు అని మనసులో రాసుకున్నాను. మధ్యాహ్నమా, ఎండలోనా అని మా ఆవిడ సందేహించింది. సూత్రం ఎండను చూడదు అన్నాను.

మరునాడు తీరిగ్గా లేచి, తీరిగ్గా భోంచేసి, మధ్యాహ్నం సరిగ్గా రెండుకు ఒడ్డుకు చేరాం. పడవవాడు చెట్టు నీడన, ఎవరో తనకు తీరని ద్రోహం చేసినట్టు కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని ఫెరెంజులమని, అంటే విదేశీయులమని, గుర్తించి పాపం తన లెక్కలోని రెండును మన లెక్కలోని ఎనిమిదిగా ముందే మార్చి చెప్పాడట. అంటే అతడు ఒకసారి మార్చినదాన్ని నేను రెండోసారి మార్చాను. ఆరు రెండుసార్లు కలిపితే పన్నెండు, గడియారంలో పన్నెండంటే సున్నా, కనుక మేమిద్దరమూ కలిసి బహు శ్రమపడి అతడి రెండును మళ్లీ రెండుగానే నిలబెట్టాం. మధ్యలో ఒక ఉదయం మాయమైంది.

"ఎనిమిదికి రమ్మన్నాను కదా" అన్నాడు అతడు నొచ్చుకుంటూ.

"ఎనిమిదికే వచ్చాం. మీ గడియారం చూసుకోండి" అన్నాను నేను.

అతడు చేతిగడియారం చూసుకున్నాడు. అది హబెషా లెక్కకు, అంటే వాళ్ల లెక్కకు, పెట్టిన గడియారం. అందులో సరిగ్గా ఎనిమిదైంది. అన్యాయం జరిగిందని మనసుకు తెలుస్తూ, జరగలేదని సొంత గడియారమే సాక్ష్యం చెబుతుంటే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. చివరకు అతడు "హా" అని ఒక్కసారి లోపలికి ఊపిరి పీల్చాడు.

ఈ ఊపిరి సంగతి చెప్పాలి. మనం అవునని తల ఊపే చోట ఇథియోపియాలో చాలామంది చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు. పాఠం అర్థమైందా అని అడిగిన మొదటి రోజున ముందు బెంచీలోని పిల్లవాడు అలా పీల్చితే, నా వెనకాల పాము కనబడిందేమో అనుకుని నేను బల్ల మీదికి ఎక్కినంత పని చేశాను. ప్రస్తుతానికి పడవవాడు అవునన్నాడు కాని, మధ్యాహ్నం గాలి లేస్తే సరస్సు మీద అంత దూరం తీసుకుపోనన్నాడు. ఒడ్డు వెంబడే అరగంట తిప్పి, నీళ్లలో తేలుతున్న పెలికాన్ పక్షులనూ, పపైరస్ దుబ్బులతో కట్టిన తంక్వా అనే పడవలనూ చూపించి దింపేశాడు. తెల్లవారుజాము బస్సు నా లెక్క ప్రకారం దొరికినప్పుడు పొగిడిన నోటితోనే మా ఆవిడ అప్పుడేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా వినిపించింది.

జలపాతం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే జలపాతమే ఆ రోజు క్లుప్తంగా ఉంది. మనకు రూపాయి ఎలాగో వాళ్లకు బిర్ అలాగ. అప్పటి ఒక బిర్ నోటుకు ముందువైపు ఒక అబ్బాయి బొమ్మ, వెనకవైపు అబ్బాయ్ నది జలపాతం బొమ్మ ఉండేవి. నోటు మీద అది పొగలు కక్కుతూ దూకుతుండేది; ఆ పొగను బట్టే దాన్ని తిస్ అబ్బాయ్ అన్నారు, తిస్ అంటే పొగ. మేము వెళ్లింది వానలు లేని కాలంలో, పైగా నీటిలో చాలా భాగాన్ని విద్యుత్కేంద్రానికి మళ్లిస్తారు. కొండ అంచున ఒక మూల నుంచి ధార పడుతోంది. మా ఆవిడ సంచిలోంచి నోటు తీసి, జలపాతాన్నీ నోటునూ మార్చి మార్చి చూసి, ఏది దొంగనోటో తేల్చుకోలేక మళ్లీ సంచిలో పెట్టింది.

గోండార్‌లో మొదటి రెండు రోజులు ఏ ప్రమాదమూ లేకుండా గడిచాయి. 1636 ప్రాంతంలో ఫాసిలదస్ చక్రవర్తి రాజధానిగా చేసుకున్న ఊరు అది. ఒకే ప్రాకారం లోపల ఒక్కో చక్రవర్తి ఒక్కో కోట కట్టుకున్నాడు. మామగారి ఇంట్లో ఉండలేక వేరు కాపురం పెట్టిన కోడళ్ల వల్లే ఇన్ని కోటలు లేచి ఉంటాయని మా ఆవిడ చరిత్రకు కొత్త వ్యాఖ్యానం చెప్పింది. ఊరికి కాస్త దూరంగా ఉన్న ఫాసిలదస్ స్నానఘట్టంలో, జనవరి 19న జరిగే తిమ్కత్ పండుగకు నింపిన నీళ్లు ఇంకా కొద్దిగా మిగిలే ఉన్నాయి. బుధ, శుక్రవారాలు అక్కడి క్రైస్తవులకు ఉపవాసం. ఉపవాసమంటే మాంసం, పాలు, గుడ్లు ముట్టకుండా భోంచేయడం. మా వంటి శాకాహారులకు ఆ రెండు రోజులూ పండుగలే.

ఇక తిరుగు ప్రయాణం. విమానం టికెట్టు మీద వేళ మన లెక్కలోనే అచ్చవుతుంది, అందులో తగాదా లేదు. విమానాశ్రయానికి తీసుకువెళ్లడానికి హోటలువాళ్ల కారు ఉదయం తొమ్మిదికి కావాలి. పడవవాడి దగ్గర నేర్చుకున్న గుణపాఠం ఇంకా పచ్చిగా ఉంది: చెప్పేవాడు ఎవరి లెక్కలో చెబుతున్నాడో తేలకపోతే అనర్థం. కనుక ఈసారి అనుమానానికి తావు లేకుండా వాళ్ల లెక్కలో, వాళ్ల భాషలోనే చెప్పాలని నిశ్చయించుకుని, కౌంటరులో ఉన్న అమ్మాయితో "రేపు, సోస్త్ సఆత్" అన్నాను. అంటే రేపు మూడు గంటలకు, మన తొమ్మిది. ఆ అమ్మాయి నా అమ్హారిక్ విని సంతోషించి, అవునని ఊపిరి లోపలికి పీల్చింది. ఎంత బాగా కుదిరిందో చూశావా అన్నట్టు నేను మా ఆవిడ వైపు తిరిగాను.

ఆ రాత్రి గాఢనిద్రలో ఉండగా తలుపు చప్పుడైంది. బయట గాబీ అనే తెల్లని దుప్పటి తల మీదుగా కప్పుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. "సార్, కారు. మూడు గంటలైంది."

మంచం మీద నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "ఎవరి మూడు?"

మన మూడు. ఫెరెంజు మాస్టారు ముచ్చటపడి నాలుగు అమ్హారిక్ ముక్కలు నేర్చుకున్నా, గడియారం మాత్రం ఫెరెంజులదే వాడుతున్నాడని ఆ అమ్మాయి సహృదయంతో ఊహించి, నా మూడును తన లెక్కలోకి మార్చి, రాత్రి తొమ్మిదికి రమ్మని డ్రైవరుకు చెప్పింది. పడవవాడు నాకోసం మార్చినదాన్ని నేను అతడికోసం మార్చాను. నేను ఆ అమ్మాయికోసం మార్చినదాన్ని ఆమె నాకోసం మార్చింది. ఒకరి మీద ఒకరికి ఇంత గౌరవం లేకపోతే అందరమూ వేళకు చేరి ఉండేవాళ్లం.

గోండార్ రెండు వేల మీటర్ల ఎత్తున్న ఊరు, చలి ఎముకలు కొరుకుతోంది. నిద్ర మానుకుని వచ్చిన మనిషిని పొమ్మనలేక మేమూ దుప్పట్లు కప్పుకుని వాకిట్లోకి వచ్చాం. హోటలు కాపలాదారు మా అవస్థ చూసి వంటావిడను లేపాడు. ఆవిడ విసుక్కోకుండా కుంపటి రాజేసి, పచ్చి కాఫీ గింజలు కడిగి, పెనం మీద వేయించి, ఆ పొగను మాకు వాసన చూపించి, రోటిలో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో మరిగించింది. తింటూ ఉండడానికి వేయించిన బార్లీ గింజలు, వాళ్లు కోలో అనేవి, పెట్టింది. కాఫీ మూడు విడతలు తాగాలి, మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా; మధ్యలో లేవకూడదు. సెలవుల మొత్తంలో నేను దేనికీ ఆలస్యం కాకుండా, దేనికీ తొందర లేకుండా గడిపిన వేళ అదొక్కటే. మా ఆవిడ సంచి అడుగు నుంచి ఆవకాయ సీసా తీసింది. డ్రైవరు ఇంజెరా ముక్కతో ఒకసారి రుచి చూసి, ఊపిరి లోపలికి పీల్చాడు. అది అవునో, కారమో ఇప్పటికీ తెలియదు.

తెల్లవారింది. ఎనిమిదికి నేను స్నానం చేసి బయటికి వచ్చేసరికి కారు లేదు. మూడింటి నుంచి పని చేశాను కనుక తన వంతు అయిపోయిందని డ్రైవరు ఇంటికి వెళ్లిపోయాడని కాపలాదారు చెప్పాడు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

అప్పుడు వీధిలోకి వెళ్లి ఆటో పిలిచాం. అక్కడ ఆటోను బజాజ్ అంటారు. బండి మన దేశం నుంచి వచ్చిందే, రంగు మాత్రం వేరు. పెట్టెలు ఎక్కిస్తూ ఆ కుర్రవాడు విమానం ఎన్నింటికి అని అడిగాడు. నేను నోరు తెరిచాను. తెరవగానే మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నన్ను ఆపి, రెండో చెయ్యి పైకెత్తి, ఆకాశంలో సూర్యుడు ఉన్నచోటును ఒకసారి, అంతకు మరికొంత పైన ఖాళీగా ఉన్నచోటును ఒకసారి చూపించింది.

కుర్రవాడు ఆ ఖాళీ వైపు పరీక్షగా చూసి, చటుక్కున ఊపిరి పీల్చి, బండి స్టార్టు చేశాడు.