శిక్ష వేసే చెయ్యి కోచ్‌ది కాకూడదు

2010 డిసెంబరులో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఐదుగురికి ఐదేసి మ్యాచుల నిషేధం పడింది. తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీలు, బహుమతుల్లాంటివి డబ్బుకో టాటూలకో అమ్ముకోవడం వాళ్లు చేసిన తప్పు; కాలేజీ ఆటగాళ్లు ఆట పేరుతో డబ్బు చేసుకోకూడదన్నది అప్పటి నియమం. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్ అమ్మినవాటిలో, సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచుల్లో ఒకటైన ఫియెస్టా బౌల్‌లో అందుకున్న క్రీడాస్ఫూర్తి అవార్డు కూడా ఉంది. నవ్వొచ్చే సంగతే గానీ, నిషేధం ఎప్పట్నుంచి అమలైందో చూడండి. తర్వాతి సీజన్ నుంచి అన్నారు. రెండు వారాలైనా తిరక్కుండానే జరిగిన అలాంటి మరో పెద్ద మ్యాచ్ షుగర్ బౌల్‌లో ఐదుగురూ దర్జాగా ఆడారు.

నాలుగేళ్ల తర్వాత జార్జియా యూనివర్సిటీ ఆటగాడు టాడ్ గర్లీ తన సంతకాలకు 3,000 డాలర్లకు పైగా తీసుకున్నాడని నాలుగు మ్యాచులు పక్కన కూర్చోబెట్టారు. 2021 జూలై 1 నుంచి అదే పని సక్రమ సంపాదన అయింది.

కాలేజీ ఆటగాళ్లు మైదానం బయట మిగతా విద్యార్థుల కంటే గట్టి కట్టుబాటులో ఉండాలా అన్న చర్చ అక్కడ ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. ఆ కట్టుబాటు ఇప్పటికే ఉంది, కావలసినదానికంటే ఎక్కువే ఉంది. కాకపోతే అవసరం లేనిచోట బిగించి, బిగించాల్సినచోట వదిలేశారు.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం ఆటగాళ్లకు డ్రగ్ పరీక్షలు తప్పవు. పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో నాలుగేళ్ల డిగ్రీలో రెండో ఏడాది చివరికి 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి చేయకపోతే ఆడనివ్వరు. పక్క బెంచీ కుర్రాడు ఒక సెమిస్టర్ నిదానంగా చదివితే అడిగే నాథుడు ఉండడు. బెట్టింగ్‌పై కట్టడి ఇంకా ఎక్కువ. అందులో మాత్రం న్యాయం ఉంది. ఎవరి మోకాలు వాచిందో, శనివారం ఎవరు దిగడం లేదో డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాడికి ముందే తెలుస్తుంది. ఆ కబురుకు బయట ఖరీదుంది. ఆట నిజాయతీతో నేరుగా ముడిపడిన విషయాల్లో అదనపు నియమం పెట్టడం సబబే. గంజాయి అలాంటిది కాదని 2024 జూన్‌లో డివిజన్ వన్ నిషేధిత జాబితా నుంచి తీసేశారు. అదీ సబబే.

చిక్కంతా ఆటతో సంబంధం లేని తప్పుల దగ్గరే. తాగి గొడవపడటం, గర్ల్‌ఫ్రెండ్ మీద చెయ్యి చేసుకోవడం, లైంగిక దాడి ఆరోపణ... వీటిలో ఏది జరిగినా పత్రికా ప్రకటనలో తరచూ కనిపించేది ఒకే మాట: ‘జట్టు నిబంధనల ఉల్లంఘన’. పొద్దున వ్యాయామానికి రానివాడికీ అదే మాట, దవడ పగలగొట్టినవాడికీ అదే మాట. ఎన్ని మ్యాచులన్నది కోచ్ ఇష్టం. ఆ కోచ్ ఉద్యోగమేమో గెలుపు మీద నిలబడి ఉంటుంది. సీజన్ మొదట్లో బలహీన జట్టుతో ఆడే మ్యాచుకు సస్పెన్షన్ పడి, గట్టి ప్రత్యర్థి వచ్చేసరికి అది తీరిపోవడం అమెరికన్ అభిమానులకు పాత జోకే.

టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో ఇది ఎక్కడిదాకా వెళ్లిందో 2016లో బయటపడింది. యూనివర్సిటీయే పెట్టుకున్న న్యాయవాదుల బృందం తేల్చిన ప్రకారం, కొన్ని ఉదంతాల్లో ఫుట్‌బాల్ సిబ్బంది ఫిర్యాదులను విద్యార్థి క్రమశిక్షణ విభాగం దాకా పోనివ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు, శిక్షణ లేకుండానే సొంత విచారణలు చేశారు. కోచ్ ఆర్ట్ బ్రైల్స్ ఉద్యోగం పోయింది, కెన్ స్టార్‌కు యూనివర్సిటీ అధ్యక్ష పదవి పోయింది. అసలు విడ్డూరం 2021 ఆగస్టులో జరిగింది. లైంగిక హింస ఫిర్యాదుల విషయంలో ఎన్‌సీఏఏ నియమం ఉల్లంఘించారని చెప్పలేమని ఆ సంస్థ విచారణ ప్యానెల్ తీర్పిచ్చింది. కారణం? ఆటగాళ్లు కాని విద్యార్థుల కేసుల్లోనూ యూనివర్సిటీ అలాగే విఫలమైంది కాబట్టి అది ఆటగాళ్లకు ప్రత్యేకంగా ఇచ్చిన సదుపాయం కాదట! ఉంగరం అమ్మితే నిషేధం వేయగల రూల్‌బుక్‌లో దీనికి పేజీ దొరకలేదు.

అలాగని ఆరోపణ రాగానే జట్టులోంచి గెంటేస్తే సరిపోతుందా? ఇలినాయ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు టెరెన్స్ షానన్ జూనియర్‌పై కాన్సస్‌లో అత్యాచారం కేసు నమోదైంది. 2023 డిసెంబరు 28న యూనివర్సిటీ అతన్ని సస్పెండ్ చేసింది. అది విద్యార్థులందరికీ ఉన్న పద్ధతి ప్రకారం కాదు, క్రీడా విభాగానికి విడిగా ఉన్న నియమావళి కింద. ఆరు మ్యాచులు పోయాక, జనవరి 19న ఫెడరల్ కోర్టు అతన్ని ఆడనివ్వమంది. వాణిజ్య ఒప్పందాలు, ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) అవకాశాలు ముడిపడి ఉన్నప్పుడు సరైన విచారణ లేకుండా ఆట ఆపడం చిన్న విషయం కాదన్నది అక్కడి తర్కం. జూన్‌లో జ్యూరీ నిర్దోషి అంది.

ఆటగాళ్ల వ్యవహారాన్ని విడిగా తేల్చే పద్ధతి బేలర్‌లో ఫిర్యాదుదారులను దెబ్బతీసింది, ఇలినాయ్‌లో నిందితుణ్ని. తీవ్రమైన ఆరోపణల విషయంలో ‘మరింత ఉన్నత ప్రమాణం’ అన్నమాటే నాకు అనుమానంగా అనిపించేది అందుకే. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింద వచ్చిన 2020 నాటి నిబంధనల్లో పనికొచ్చే చట్రం ఉంది. దర్యాప్తు చేసినవారే తీర్పు చెప్పకూడదు. తేలేదాకా నిందితుణ్ని దోషిగా చూడకూడదు. క్యాంపస్ నుంచి వెంటనే తప్పించాలంటే ఆ వ్యక్తి వల్ల ప్రమాదం ఎంతో విడిగా అంచనా వేయాలి, తప్పించిన వెంటనే సవాలు చేసే వీలు ఇవ్వాలి. ఆట ఆపాలన్నా ఇదే కొలత పెట్టాలి. అప్పుడు కోచ్ పని ఒక్కటే: విన్నది విన్నట్టు అదే రోజు టైటిల్ నైన్ అధికారికి చేరవేయడం. సొంతంగా ఆరా తీయకూడదు, రాజీ మాట ఎత్తకూడదు.

ఎన్‌సీఏఏకి ఇది కొత్తేమీ కాదు. తీవ్రమైన దుష్ప్రవర్తన పేరుతో స్కాలర్‌షిప్ రద్దు చేయాలంటే, దాన్ని మామూలు విద్యార్థి క్రమశిక్షణ యంత్రాంగమే తేల్చాలని దాని నియమాల్లోనే ఉంది. ఫీజు డబ్బుకు ఉన్న రక్షణ మైదానంలో చోటుకు లేదు.

రాత్రి ఎన్నింటికి పడుకోవాలి, సోషల్ మీడియాలో ఏం రాయకూడదు, కెప్టెన్ ఎవరు... ఇవి కోచ్ ఇష్టానికే వదిలేయొచ్చు. కఠినమైన నియమం అందరికీ ఉంటే దానికీ ఒక మర్యాద ఉంటుంది. 2011 మార్చిలో బాస్కెట్‌బాల్‌లో దేశంలో మూడో ర్యాంకులో ఉన్న బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ, విద్యార్థులందరికీ వర్తించే ఆనర్ కోడ్ (ప్రవర్తనా నియమావళి) కింద తన ముఖ్య ఆటగాణ్ని సీజన్ చివర్లో పక్కనబెట్టింది. తర్వాతి మ్యాచ్ న్యూ మెక్సికో చేతిలో 18 పాయింట్ల తేడాతో ఓడింది. ఆ కోడ్ నచ్చకపోవచ్చు, అమలు చేసిన తీరును వంక పెట్టడం కష్టం.

ఇక బదిలీలు. 2022–23 నుంచి ఆటగాడు తనపై హింస, లైంగిక దాడి కేసుల చరిత్రను ఏటా యూనివర్సిటీకి చెప్పాలి. దాచితే ఏం చేయాలో యూనివర్సిటీయే నిర్ణయించుకుంటుంది, అంటే ఆ ఆటగాడు కావలసినవాళ్లే. విచారణలకు నెలలు పడతాయి, వేరే కాలేజీకి మారడానికి వారాలు చాలు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. విచారణ మధ్యలో వెళ్లిపోయినట్టు మార్కుల పత్రంలో రాయాలని వర్జీనియా, న్యూయార్క్ 2015లో చట్టాలు చేశాయి. ఆ రాష్ట్రాల గీత దాటితే ఆ రాత ఉండకపోవచ్చు.

2025 జూలై నుంచి ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచే వీలొచ్చింది, మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. డబ్బుతోపాటు ఒప్పంద పత్రం వస్తుంది, అందులో నడతకు సంబంధించిన షరతు ఉంటుంది. ‘సంస్థ పేరుకు మచ్చ తెస్తే’ అన్న నాలుగు మాటలతో సరిపెడితే అది ‘జట్టు నిబంధనల ఉల్లంఘన’కు కొత్త పేరే. సంతకం పెట్టే కుర్రాడు ఆ పేరాలో చూసుకోవాల్సినవి మూడు: మచ్చ అని తేల్చేది ఎవరు, ఎన్ని రోజుల్లో, తేలేదాకా డబ్బు ఆగుతుందా వస్తుందా.