మాల వేసుకోలేదా? మరి ఎందుకు తాగవు?

"ఒక నెల మందు తాగట్లేదు" అని ఏదైనా సిట్టింగ్‌లో చెప్పి చూడండి. ఒక్కడు కూడా "సరే" అనడు. కారణం అడుగుతారు. ఆ కారణం వాళ్లకు నచ్చాలి కూడా.

మాల వేసుకున్నానంటే గొంతులు మారిపోతాయి. "సారీ స్వామీ" అంటూ గ్లాసులు పక్కకు జరుగుతాయి, పక్కవాడు సిగరెట్ కూడా ఆర్పేస్తాడు. కార్తీక మాసం అంటే ఒప్పుకుంటారు. యాంటీబయాటిక్స్ వాడుతున్నానంటే సగం మంది ఒప్పుకుంటారు, మిగతా సగం "బీరుకేం కాదురా" అని అక్కడికక్కడే వైద్యం చెప్తారు. అదే "ఊరికే, మానాలనిపించింది" అన్నారో, ఇక మీ పని అయిపోయినట్టే. "రిపోర్టుల్లో ఏమన్నా వచ్చిందా?" "వదిన ఒట్టేయించుకుందా?" "ఒక్కటి తాగితే ఏమైతది తియ్ అన్నా!" ఇవి పర్లేదు. "మాతో కూర్చోవడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు" అనేది ఒకటుంది చూడండి, అది వినగానే చాలామంది గ్లాసు పట్టుకుంటారు. తాగాలని కాదు, స్నేహం చెడిపోతుందేమోనని.

మొన్న ఫాల్గుణంలో ఏ మొక్కూ, ఏ దీక్షా, ఏ జబ్బూ లేకుండా నెల రోజులు మానేశాను. మందు గుర్తొచ్చి పడ్డ ఇబ్బంది కొంచెమే. జవాబులు చెప్పుకోలేక పడ్డ ఇబ్బంది మాత్రం అంతా ఇంతా కాదు. అందుకే ఈ పోస్టు.

దీక్షల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ముందే చెప్తున్నా. నిజానికి అయ్యప్ప దీక్షను ఎంత మెచ్చుకున్నా తక్కువే. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, కాళ్లకు చెప్పులుండవు, నేల మీద పడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి ఏదో అల్పాహారం. పేరు కూడా పోతుంది. కట్టుకున్న భార్య, కన్న పిల్లలు కూడా "స్వామీ" అనే పిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మామూలు రోజుల్లో సీసా మూత తీసే టైం ఏదైతే ఉందో, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర, సరిగ్గా ఆ టైంలో పూజ, భజన, శరణుఘోష ఉంటాయి. డీఅడిక్షన్ సెంటర్లలో డాక్టర్లు చెప్పేది కూడా దాదాపు ఇదే: ఆ టైంని వేరే పనితో నింపు, ఆ మనుషులకూ ఆ చోట్లకూ దూరంగా ఉండు, నీతో పాటు మానుతున్నవాళ్ల మధ్య ఉండు. మనవాళ్లు ఏ కౌన్సెలింగూ లేకుండానే 41 రోజులు దీన్ని నడిపిస్తున్నారు. రోజూ క్వార్టర్ లేనిదే నిద్రపోని మనిషి ఈ 41 రోజులు హాయిగా గడిపేయడం ప్రతి వీధిలో చూస్తాం. మాలతో మొదలుపెట్టి జన్మలో మళ్లీ ముట్టని వాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

మిగతా వాళ్ల సంగతి కూడా మనకు తెలిసిందే. మాలకు ముందు రాత్రి "రేపట్నుంచి ఎట్లాగూ లేదుగా" అని రెండింతలు తాగుతారు. కొండ నుంచి వచ్చే రైలు ఇంకా తిరుపతి దాటదు, వాట్సాప్‌లో "ఎల్లుండి ఎక్కడ?" అని మొదలవుతుంది. ఇక్కడ దేవుణ్ణి గానీ మాలను గానీ అనడానికేం లేదు. నా అనుమానం వేరు. ఆ 41 రోజులూ మన తరఫున "వద్దు" అని చెప్పింది మెడలో మాల. మన నోటితో మనం ఒక్కసారి కూడా చెప్పలేదు. మాల తీశాక చెప్పేదెవరు?

ఇది నేను ఊహించి రాస్తున్నది మాత్రమే కాదు. ఇంగ్లండ్‌లో 2013 నుంచి 'డ్రై జనవరి' అని నడుస్తోంది. క్రిస్మస్, న్యూ ఇయర్ తాగుడు అయ్యాక జనవరి నెలంతా మానేయడం. ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు అందులో పాల్గొన్నవాళ్లను ఆరు నెలలు దాటాక మళ్లీ అడిగితే, సగటున ముందుకన్నా తక్కువే తాగుతున్నట్టు తేలింది. దాంతో పాటు తేలింది ఇంకోటుంది, నాకు అదే ముఖ్యం అనిపించింది. ఎవరైనా బలవంతపెట్టినప్పుడు వద్దని చెప్పగలను అనే ధైర్యం పెరిగింది. పబ్బులో నిలబడి, తోటివాళ్లు వెటకారం చేస్తుంటే, ఏ మాలా లేకుండా చెప్పుకోవాల్సి వచ్చింది కదా. అలవాటైపోయింది.

ఇంకెవరో మన తరఫున మానిపిస్తే ఏమవుతుందో కూడా కళ్లారా చూశాం. 2020లో మార్చి చివర నుంచి మే మొదటి వారం దాకా వైన్స్ అన్నీ మూతే. దాదాపు మండల దీక్షంత కాలం. షాపులు తెరిచిన రోజు ఏం జరిగిందో గుర్తుందిగా? కరోనా భయం కూడా లేకుండా ఎండలో గొడుగులు పట్టుకుని కిలోమీటర్ల క్యూలు. ఆంధ్రలో రెండ్రోజుల్లోనే ధరలు మొత్తం మీద 75 శాతం పెంచినా క్యూ తగ్గలేదు. 1995 జనవరిలో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. అది రావడానికి కారణమైన దూబగుంట ఆడవాళ్లను మాత్రం వేరే లెక్క వేయాలి. నెల్లూరు జిల్లాలో 1992లో సారా వద్దని వాళ్లు నోరు తెరిచి చెప్పారు, షాపుల ముందు నిలబడి చెప్పారు. తాగే మగవాళ్లలో ఒక్కరైనా చెప్పారా అంటే నాకు డౌటే.

లాక్‌డౌన్ మాట వచ్చింది కాబట్టి ఒక సీరియస్ విషయం. అప్పుడు షాపులతో పాటు కల్లు దుకాణాలూ మూతపడటంతో వణుకుడు, ఫిట్స్, పిచ్చిమాటలతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరుస కట్టారు. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితే గానీ కుదుటపడని వాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఈ పోస్టు చదివి రేపట్నుంచి టక్కున ఆపేయొద్దు. అలా ఆపితే రెండు మూడు రోజుల్లో మతి తప్పడం, ఫిట్స్ రావడం, ప్రాణం మీదికి రావడం ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి మందులతో, ఆయన చెప్పినట్టు మానాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నేను ఇక్కడ అంటున్నదంతా వారానికి రెండు మూడు సిట్టింగ్‌లు వేసి "నాకేం అలవాటు లేదు" అనుకునే నాలాంటి వాళ్ల గురించి.

నెలలో ఒంట్లో ఏం మారుతుంది అని చాలామంది అడిగారు. మొదటి వారం నిద్ర పట్టదు. మందు తొందరగా నిద్రపుచ్చి తెల్లవారుజామున లేపేస్తుంది. ఒళ్లు ఆ పద్ధతికి అలవాటు పడిపోయి ఉంటుంది, మారడానికి టైం పడుతుంది. ఆ తర్వాత వచ్చే నిద్ర మాత్రం, చిన్నప్పుడు ఎండాకాలం డాబా మీద పడుకున్నట్టుంటుంది. పొట్ట సంగతికొస్తే, 42.8 శాతం ఆల్కహాలున్న క్వార్టర్‌లో నాలుగు వందల కేలరీల పైనే ఉంటాయి, పల్లీలు, చికెన్ పకోడీ లెక్క వేరే. లండన్‌లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి డాక్టర్లు ఓ మోస్తరు నుంచి బాగా తాగేవాళ్లను నెల రోజులు మానిపించి చూశారు. బరువు, బీపీ తగ్గాయి, ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, షుగర్‌కు దారితీసేది ఇదే) దాదాపు పావు వంతు తగ్గింది. 2018లో అచ్చయింది ఇది. ఇంటికొక షుగర్ పేషెంట్ ఉన్న మన దగ్గర ఈ చివరి ముక్క గోడకు అంటించుకోవాలి.

కానీ ఇంట్లోవాళ్లకు ఈ రిపోర్టులన్నీ అక్కర్లేదు. "ఏడాదంతా మాలలోనే ఉంటే బాగుండు" అనే మాట మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు అంటుంటారో గమనించారా? నవ్వుతూనే అంటారు, మనమూ నవ్వేస్తాం. ఆ మాటలో మిగతా పది నెలల మీద ఎంత ఫిర్యాదు ఉందో ఆలోచించం. రాత్రి తొమ్మిదికి తలుపు చప్పుడయితే ఏ మూడ్‌లో వచ్చాడోనని చూడక్కర్లేని నెల వాళ్లకు అది. (తాగే ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. తాగుతున్నారన్నదే బయటికి చెప్పుకోలేరు, ఇక మానుతున్నామని ఎవరితో చెప్తారు? అది రాయాల్సింది నేను కాదు.)

మనం మానలేని జాతేమీ కాదు. సోమవారం శివుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న అని వారంలో సగం రోజులు మానేవాళ్లు నాకు బోలెడంత మంది తెలుసు. రంజాన్‌లో నెలంతా ముట్టని ముస్లిం మిత్రులు తెలుసు. పండగ వచ్చిందనో, పెళ్లి ఉందనో అప్పుడు ఎవరూ సాకు వెతకరు. కుదరదనేది దేవుడి పేరు లేనప్పుడే. దేవుడికి భయపడి మానితే గౌరవిస్తాం, తన ఒళ్లు, తన ఇల్లు చూసుకుని మానితే పిసినారి, పెళ్లాం చాటు మొగుడు, బోరింగ్ గాడు. ఈ లెక్క నాకు అర్థం కాదు.

కాబట్టి ఎవరైనా "ఈ నెల తాగట్లేదురా" అంటే కారణం అడగొద్దు. థమ్సప్‌లో గుట్టుగా కలిపి ఇవ్వొద్దు. అది జోకు కాదు, మోసం. వాడి కోసం సిట్టింగ్ మానుకోవాల్సిన పని కూడా లేదు, పిలవండి. ఒకటో రెండో ఆదివారాలు ముంత మసాలా తినడానికి, పొద్దున టిఫిన్‌కి కూడా కలవండి, మందు లేకపోతే మన మధ్య మాటలు మిగిలాయో లేదో కూడా తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇది కొంచెం వ్యక్తిగతం. రెండు లెమన్ సోడాలు తాగి, అందరినీ పేరుపేరునా ఇళ్ల దగ్గర దింపినవాడి దగ్గర బిల్లు సమానంగా పంచి ఫోన్‌పే రిక్వెస్ట్ పెడుతున్నారు కదా, కనీసం పెట్రోల్ డబ్బులన్నా అందులోంచి తీసేయండి.