ఘంటసాల కూడా పోలేదు

అమెరికా పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ బతికే ఉన్నాడని మా మావయ్య తేల్చేశాడు. మా విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర టీ బడ్డీలో, రెండో టీ సగంలో ఉండగా. 1977 ఆగస్టు 16న మెంఫిస్‌లో, 42 ఏళ్లకే పోయాడని లోకమంతా అనుకుంటోంది కదా. మరి పుట్టినప్పటి కాగితంలో నడిమి పేరు 'ఏరన్'కి ఇంగ్లీషులో ఒక్క 'ఎ' ఉంటే సమాధి మీద రెండు ఎలా వచ్చాయి?

"కన్నతండ్రి కొడుకు పేరు తప్పు రాయిత్తాడేటి?"

నేను నోరు మూసుకున్నాను. మా అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మరోలా ఉంది. ఈ శాస్త్రం ప్రకారం ఆవిడకి చావే లేదు. కొడుకునయ్యుండి కాదనగలనా!

తక్కిన సాక్ష్యాలూ గట్టివే. ఎల్విస్ ఇంటి ఈతకొలను పక్కన, గది తలుపు వెనక ఎవరో మసగ్గా కూర్చున్న ఫోటో ఒకటుంది. 1988లో మిషిగన్‌లో కలమజూ అనే ఊళ్లో బర్గర్ల కొట్లో కనబడ్డాడన్నారు. "కలమజూలో కనబడినోడు కొత్తవలసలో కనబడడేటి? రాయగడ పాసింజర్లో ఎతికినోడెవుడు?" అని మావయ్య ప్రశ్న. 1971లో పారిస్‌లో పోయిన ఇంకో అమెరికా పాటగాడు జిమ్ మారిసన్‌కైతే పోస్టుమార్టమే చెయ్యలేదు, కాబట్టి ఆయనా ఉన్నాడట. మా వీధిలో పోయినవాళ్లెవరికీ పోస్టుమార్టం కాలేదు. వాళ్లలో ఒకాయన నాకు మూడు వేలు బాకీ.

అంతా బాగానే ఉంది గానీ, మనవాళ్లని ఎవరూ పట్టించుకోరేం? ఘంటసాల ఇక్కడే, ఈ విజయనగరం సంగీత కళాశాలలోనే చదువుకున్నారు, ఇంటింటా మధూకరం ఎత్తుకుని తిని మరీ. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారంటారు. నేను నమ్మను. ఊళ్లో ఎవరు పోయినా, ఫ్రీజర్ బాక్సుకి ప్లగ్గు పెట్టకముందే అక్కడికొచ్చి భగవద్గీత అందుకుంటున్నది ఎవరు? ఒకే పొద్దున నాలుగు వీధుల్లో నాలుగు చావులైతే నాలుగు చోట్లా ఆయనే. బతికున్నవాళ్లలో ఇంత హాజరు ఎవరికుంది? మొన్న ఒక చావింట్లో గీత అయిపోగానే అదే పెన్ డ్రైవులోంచి డీజే పాట ఎత్తుకుంది. మైకుసెట్టు కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆపేలోపు పాడె కడుతున్న ఇద్దరికి కాళ్లు ఆడాయి. అది మాత్రం ఘంటసాల పని కాదు.

ఇంతకీ మా మావయ్యకి ఈ పరిశోధన మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఆయన బతికున్నట్టు రుజువు లేదు. జూట్ మిల్లులో ముప్పై ఏళ్లు నార పట్టి పట్టి వేలిముద్రలు అరిగిపోయాయి. పింఛను కోసం ఏడాదికోసారి మిషను మీద బొటనవేలు పెడతాడు. ఎర్ర లైటు. చూపుడువేలు. ఎర్ర లైటు. మొన్న పదీ అయిపోయాయి.

"మీరు రావట్లేదు తాతా" అన్నాడు కుర్రాడు, తెర మీంచి కళ్లు తియ్యకుండా.

"ఎదురుగానే ఉన్నాను గదరా బాబూ!"

"మీరున్నారు తాతా. మిషన్లో రావట్లేదు."

మావయ్య ఆలోచించి, మర్నాడు ఆ రోజు పేపరు చేత్తో పట్టుకుని, టీ బడ్డీ ముందు నిలబడి ఫోటో తీయించుకుని పట్టుకెళ్లాడు. మసగ్గా ఉంది, చెల్లదన్నారు.