దివంగత స్ట్రీక్ గారికి

మహారాజశ్రీ స్ట్రీక్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీరు కుశలంగా లేరు. నిన్న రాత్రి పన్నెండు దాటగానే కాలం చేశారు. ఇంగ్లిష్ నేర్పే యాప్‌లో ఒక్కరోజూ మానకుండా పాఠం చేసిన వరస రోజుల లెక్క మీరు; వయసు 214 రోజులు. పొద్దున లేచి చూస్తే మీ మంట బొమ్మ బూడిద రంగులో ఉంది, పక్కన సున్నా. మీ చావుకు కారణం నేనేనని యాప్ ఇప్పటికే మూడు నోటిఫికేషన్లు పంపింది కాబట్టి నా వాంగ్మూలం కూడా రాసి పెడుతున్నాను.

మీరు నా ఫోన్లోకి వచ్చింది నా కోరిక మీద కాదు. "రోజుకు పది నిమిషాలు చాలు, మోటివేషన్ అదే వస్తుంది" అని మా ఇంగ్లిష్ మేడం అందరిచేతా యాప్ ఎక్కించారు. సెమిస్టర్ చివర మీ స్క్రీన్‌షాట్ చూపిస్తే ఇంటర్నల్స్‌లో 5 మార్కులు. ఆ మాట విన్న క్షణం నుంచి మా క్లాసులో ఎవరికీ ఇంగ్లిష్‌తో పని లేకుండా పోయింది. అందరికీ మీరే కావలసి వచ్చారు. హాస్టల్లో ఒకడు నలుగురి ఫోన్లు ముందు పెట్టుకుని నలుగురి పాఠాలూ తానే చేసేవాడు. చివరికి ఇంగ్లిష్ వచ్చింది వాడొక్కడికే. (ఆ ఫోన్లలో ఒకటి నాది. 214లో నావి ఎన్నో అడక్కండి.)

మిగతా రోజులు మాత్రం మిమ్మల్ని నేనే సాకాను. ఎలాగంటారా? రాత్రి 11:52కి, పళ్లు తోముకుంటూ, ఎప్పుడో అయిపోయిన మొదటి పాఠం మళ్లీ తెరిచి. కొత్త పాఠమైతే తప్పులొస్తాయి, తప్పులొస్తే ఆ ఎర్ర గుండెలు పోతాయి, అవి పోతే మీ ప్రాణానికి ముప్పు. అందుకని 'ఈజ్', 'ఆర్'ల మధ్యే ఆరు నెలలు కాపురం చేశాను. ఆ పాఠంలో ఒక ఏనుగు ఉత్తరం చదువుతూ ఉంటుంది. ఇప్పటికీ చదువుతూనే ఉంది.

చదవకుండా గట్టెక్కే విద్య కూడా అబ్బింది. పదాల ముక్కల్ని వరసలో పేర్చమంటారు కదా, పెద్ద అక్షరంతో మొదలయ్యే ముక్క చూసుకుంటే మొదటి పదం దొరికినట్టే. ప్రశ్నలో 'షీ' ఉంటే చివర 'ఎస్' ఉన్న జవాబు నొక్కడమే. జతపరచడంలో నాలుగు కలిపితే ఐదోది దానంతటదే కలుస్తుంది. ఇంగ్లిష్ రాలేదు గానీ, ప్రశ్న తయారుచేసినవాడి బుర్ర మాత్రం క్షుణ్ణంగా చదివాను.

ఇక మైకు. "ఈ వాక్యం పలకండి" అని వస్తుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఒక దయగల బటన్: "ఇప్పుడు మాట్లాడలేను." నా జీవితాన్ని ఇంత క్లుప్తంగా ఇంకెవరూ రాయలేదు. రోజూ నొక్కేవాణ్ని. మీరూ ఏమీ అనేవారు కాదు, మంట వెలుగుతూనే ఉండేది. కెనడాలో చదువు చాలావరకు ఫ్రెంచిలో సాగిన, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లల్ని మెరిల్ స్వేన్ అనే భాషావేత్త గమనించింది. ఏళ్ల తరబడి విన్నా, చదివినా, మాట్లాడేటప్పుడు వ్యాకరణంలో తడబడుతున్నారట. వింటే చాలదు, నోరు విప్పాలి అని ఆవిడ 1985లోనే రాసింది. పాపం, ఆవిడకి ఈ బటన్ సంగతి తెలియదు.

మీ వంశంలో మంచివాళ్లే లేరని అనను. మర్చిపోబోతున్న పదాన్ని సమయానికి మళ్లీ తెచ్చి ముందు పెట్టే ఆ లెక్క ఉందే, అది గట్టిది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మర్చిపోతున్నాడో తానే లెక్కగట్టి 1885లో పుస్తకం వేసిన నాటి నుంచీ వస్తున్న ఆస్తి అది. పైగా యాప్ నవ్వదు. క్లాసులో 'కంఫర్టబుల్' తప్పు పలికితే వెనక బెంచీ వారం పాటు గుర్తుచేస్తుంది. యాప్ ఒక ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. మొదటి నెల నేను నిజంగా చదివింది ఆ ధైర్యంతోనే. అప్పట్లో మీ అంకె ఎంతో చూసేవాణ్ని కూడా కాదు.

తర్వాత మీరు పెద్దవారయ్యారు, నా చూపంతా పాఠం మీంచి మీ అంకె మీదికి మళ్లింది. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి ఒక విడతలో, పూర్తిచేసిన ఒక్కో పజిల్‌కు డాలర్ చొప్పున ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్స్ జోలికి వెళ్లడం తగ్గింది. నాకు డాలర్లు కూడా లేవు, రత్నాలిచ్చారు. వాటితో ఏం కొనుక్కోవచ్చయ్యా అంటే, ఫ్రీజ్. అంటే ఒక రోజు ఇంగ్లిష్ చదవకుండా ఉండే హక్కు! ఇంగ్లిష్ చదివినందుకు ఇంగ్లిష్‌కి సెలవు బహుమానం. నా ఫ్రీజులన్నీ పోయిన వారమే ఖర్చయిపోయాయి.

ఇంతకీ నిన్న జరిగింది ఇది. రాత్రి లైబ్రరీలో ప్రింటర్ మొరాయించింది. నా వెనక నిలబడ్డది వేరే దేశం నుంచి వచ్చిన కుర్రాడు. "ఐ నో ఇంగ్లిష్ స్మాల్" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "యెస్టర్‌డే ఆల్సో మెషీన్ ఈజ్ డై" అన్నాను. అర్థమైంది వాడికి. ఇద్దరం నవ్వాం. ప్రింటర్ బాగవలేదు గానీ వాళ్ల అక్క పెళ్లి దాకా వెళ్లాయి కబుర్లు. మాట దొరకనప్పుడల్లా కిందికి చూశాను, బటన్ లేదు. చేతులతో చెప్పాను. జేబులో ఫోన్ మూడుసార్లు వణికింది. అది మీ ఆఖరి శ్వాస అని నాకు తట్టలేదు.

పొద్దున యాప్ తెరిస్తే ఇలా ఉంది: "నిన్న మీరు ఇంగ్లిష్ ప్రాక్టీస్ చేయలేదు."

ఇట్లు,
5 మార్కులు పోగొట్టుకున్న భవదీయుడు

తా.క. మీ గౌరవార్థం ఈ లేఖ ఇంగ్లిష్‌లోనే రాద్దామనుకున్నాను. మీరు నేర్పినంతలో కుదరలేదు. చదవడానికి మీరిప్పుడు లేరు కాబట్టి, దయచేసి దీన్ని ఆ ఏనుగుకు ఇప్పించండి.